రాత్రి ఆకాశపు వెలుగు: ఆచార్య శిశిర్ కుమార్ మిత్ర జీవితం

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో న్యూటన్ వలయాల ప్రయోగం చేసిన ప్రతి విద్యార్థికీ సోడియం దీపం చిరపరిచితమే. మీట నొక్కినంతనే అది పసుపుపచ్చగా వెలగదు. మొదట ఎర్రగా మినుకుమంటుంది. కొన్ని నిమిషాలు ఓపిక పట్టిన పిమ్మట గాని ఆ నిండు పసుపు కాంతి గదిలో పరచుకొనదు. ప్రతి సంవత్సరమూ మేము ఆ దీపాన్ని చూస్తూనే ఉన్నాము. అదే పసుపు కాంతి, అదే తరంగదైర్ఘ్యంతో, ప్రతి రాత్రీ మన తలలపై సుమారు 90 కిలోమీటర్ల ఎత్తు నుండి కూడా వెలువడుతూ ఉన్నదని మాత్రం మనలో ఎందరో ఎరుగరు. అమావాస్య నాటి ఆకాశం సైతం పూర్తిగా చీకటి కాదు. దానికి స్వయంగా ఒక వెలుగు కలదు.

పొద్దు క్రుంకిన వేళ పడమట మిగిలే ఎరుపును తెలుగు కవులు సంధ్యారాగమన్నారు, ఉర్దూ కవులు షఫక్ అన్నారు. నడిరేయి ఆకాశంలో మిగిలే ఈ మరొక వెలుగుకు కవులు పేరు పెట్టలేదు. కంటికి ఆననిదానికి భాషలో పేరు పుట్టదు గదా! శాస్త్రజ్ఞులు మొదట దీనిని రాత్రి ఆకాశపు కాంతి అని వ్యవహరించారు. 1950 నుండి ఎయిర్‌గ్లో అను పేరు వాడుకలోనికి వచ్చింది. వాయుదీప్తి అని మనం చెప్పుకొనవచ్చును. నేడు ఉపగ్రహాలు ఈ దీప్తిని ఛాయాచిత్రాలుగా తీసి, అందులో కదలాడే అలలను లెక్కించుచున్నవి. రాకెట్లు గాని, ఉపగ్రహాలు గాని లేని కాలంలో కలకత్తా నగరంలో కూర్చుండి, ఊర్ధ్వ వాతావరణమును గూర్చి అంతవరకు లోకానికి తెలిసినదంతయు ఒక గ్రంథంగా కూర్చిన మహనీయుడు ఆచార్య శిశిర్ కుమార్ మిత్ర. ఆయన జీవితాన్ని మా శక్తి కొలది ఇక్కడ వివరింప పూనుకొన్నాము.

శిశిర్ కుమార్ 1890 అక్టోబరు 24న బెంగాలులోని హుగ్లీ జిల్లా కొన్నగరులో జన్మించారు. తండ్రి జయకృష్ణ మిత్ర ఉపాధ్యాయుడు. తల్లి శరత్ కుమారి. కుమారుడు పుట్టిన నాటికి ఆమె కలకత్తాలోని కాంప్‌బెల్ వైద్య పాఠశాలలో చదువుకొనుచున్నారు. ఆ రోజులలో గృహిణి వైద్యవిద్య అభ్యసించుటకు ఎంత ధైర్యం కావలెనో నేటివారు ఊహించుట కష్టం. చదువు ముగిసిన పిదప ఆమెకు బీహారులోని భాగల్పూరులో లేడీ డఫరిన్ ఆసుపత్రిలో ఉద్యోగం లభించింది. జయకృష్ణ తన ఉపాధ్యాయ వృత్తి వదలుకొని, భార్యతో పాటు భాగల్పూరు తరలి వెళ్లి, అక్కడి పురపాలక సంఘంలో గుమాస్తాగా చేరారు. భార్య ఉద్యోగం కొరకు భర్త ఊరు మారిన ఆ ఇంటిలో విద్యకున్న గౌరవం ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

శిశిర్ కుమార్ పాఠశాల చదువు భాగల్పూరు జిల్లా పాఠశాలలోను, కళాశాల చదువు అదే ఊరిలోని తేజ్ నారాయణ్ జూబిలీ కళాశాలలోను సాగింది. ఆయన ఇంకను విద్యార్థిగా ఉండగానే ఆ కుటుంబాన్ని మృత్యువు వెంటాడింది. అన్నలను, తండ్రిని పోగొట్టుకొన్న ఆ ఇల్లు తల్లి సంపాదన మీదనే నిలిచింది. చదువు మాన్పించి చిన్న ఉద్యోగంలో చేర్చుమని ఏ తల్లికైనను తోచును. శరత్ కుమారి మాత్రం కుమారుని కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు పంపారు. అక్కడ జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి గురువులు ఆయనకు లభించారు. 1912లో ఎం.ఎస్‌సి. పట్టా అందుకొన్నారు.

పట్టభద్రుడైన పిదప పరిశోధన చేయవలెనని ఆయనకు తీరని కోరిక. బోస్ గారి వద్ద కొలది కాలం పని చేశారు గాని, సంసార భారం ఆయనను తిరిగి భాగల్పూరునకు అధ్యాపకునిగా లాగుకొని పోయింది. అటుపిమ్మట బంకూరా క్రైస్తవ కళాశాలలో బోధించారు. పరికరాలు లేని ఆ చిన్న కళాశాలలలో పరిశోధనకు అవకాశం లేకపోయినను ఆయన కాలాన్ని వృథా పుచ్చలేదు. శాస్త్ర విషయాలను సామాన్యులకు అర్థమగునట్లు బంగాళీ భాషలో వ్యాసాలుగా వ్రాశారు. కఠినమైన విషయాన్ని సులభంగా, క్రమంగా చెప్పగల నేర్పు ఆయనకు అక్కడనే అలవడిందని మా విశ్వాసం. ఆ నేర్పే తరువాతి కాలంలో ఆయనకు కీర్తి తెచ్చింది.

1916లో సర్ అశుతోష్ ముఖర్జీ కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలకు యువ ప్రతిభావంతులను సమీకరించుచుండగా మిత్ర గారికి పిలుపు వచ్చింది. మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ్ బోస్, చంద్రశేఖర వేంకట రామన్ కూడా ఆ సంవత్సరాలలోనే అక్కడ చేరారు. ఒకే కప్పు క్రింద అంతటి మేధావులు కూడియుండుట మన దేశ శాస్త్ర చరిత్రలో అరుదైన ఘట్టం. మిత్ర గారు రామన్ మార్గదర్శకత్వంలో కాంతి వ్యతికరణము, వివర్తనములపై పరిశోధించి 1919లో డి.ఎస్‌సి. పట్టం పొందారు.

మరుసటి సంవత్సరం ఆయన పారిస్ వెళ్లారు. అక్కడ సొర్బాన్ విశ్వవిద్యాలయంలో షార్ల్ ఫాబ్రీ అను కాంతిశాస్త్ర నిపుణుని వద్ద పని చేసి 1923లో రెండవ డాక్టరేటు సాధించారు. ఇక్కడ ఒక విశేషం మనవి చేయవలెను. ఫాబ్రీ తన సహచరుడు పెరోతో కలసి కాంతి తరంగదైర్ఘ్యములను అతి సూక్ష్మంగా కొలిచే మాపకమును నిర్మించినవారు. నక్షత్రాలు నిండిన రాత్రి ఆకాశపు ప్రకాశమును 1910 నాటికే కొలిచినవారు కూడా. ఆయన పేరు గల ఆ మాపకమే 1991లో అమెరికా వారు పంపిన ఒక ఊర్ధ్వ వాతావరణ పరిశోధన ఉపగ్రహంపై కూర్చొని, వాయుదీప్తి రంగులో కలిగే అతి స్వల్పమైన మార్పు నుండి అక్కడి గాలుల వేగాన్ని కొలిచింది. గురువు చేతి పనిముట్టు శిష్యుని అభిమాన విషయాన్ని చేరుకొనుటకు దాదాపు శతాబ్ద కాలం పట్టినదన్నమాట.

పారిస్‌లో మేరీ క్యూరీ నెలకొల్పిన రేడియం సంస్థలోను కొంతకాలం పని చేసి, మిత్ర గారు నాన్సీ నగరానికి వెళ్లారు. అక్కడ కామిల్ గుటాన్ ప్రయోగశాలలో రేడియో కవాటములు ఆయన దృష్టిని ఆకర్షించాయి. కాంతిశాస్త్రంలో రెండు డాక్టరేట్లు గల వ్యక్తి, ముప్పది మూడేండ్ల వయస్సులో, తాను సంపాదించిన పేరంతయు ప్రక్కన పెట్టి కొత్త విద్యకు ఓనమాలు దిద్దుకొన సాహసించారు. రేడియో విద్యను ఎం.ఎస్‌సి. పాఠ్యక్రమంలో చేర్చవలెనని ఫ్రాన్సు నుండియే అశుతోష్ ముఖర్జీకి విన్నవించారు. ఆయన సమ్మతించారు. 1923లో స్వదేశానికి తిరిగివచ్చి ఖైరా ఆచార్య పదవి స్వీకరించిన మిత్ర గారు కలకత్తాలో వైర్‌లెస్ ప్రయోగశాల నెలకొల్పారు. దేశంలో ప్రభుత్వ రేడియో లేని ఆ దినాలలో ఆ ప్రయోగశాల నుండియే ప్రయోగాత్మకంగా ప్రసారాలు సాగించారు.

రేడియో ఆయనను ఆకాశానికి చేర్చింది. భూమికి ఎగువన సూర్యకిరణాల తాకిడికి వాయు పరమాణువులు విద్యుదావేశం పొంది పొరలు పొరలుగా నిలిచియుండును. ఆ ప్రాంతమే అయనోవరణము. నేల నుండి పంపిన రేడియో తరంగం ఆ పొరలకు తగిలి తిరిగివచ్చును. అది తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలిచినచో పొర ఎత్తు తెలియును. ఇంగ్లండులో ఆపిల్టన్ ఈ పద్ధతిని ప్రయోగించిన కొలది సంవత్సరాలకే, 1930 ప్రాంతంలో, మిత్ర గారు తమ శిష్యులతో కలకత్తా ఆకాశంలో ఇ-పొరను గుర్తించారు. 1935లో అంతకంటె దిగువనున్న డి-పొర నుండి ప్రతిధ్వనులు లభించినట్లు ప్రకటించారు. అదే సంవత్సరం రాస్ బిహారీ ఘోష్ ఆచార్య పీఠాన్ని అధిష్ఠించి, 1955 వరకు ఆ పదవిని అలంకరించారు.

రేడియో ప్రతిధ్వనులతో ఆయనకు తృప్తి కలుగలేదు. అయనోవరణము అచ్చటి గాలిలో ఒక భాగమే గదా! ఆ గాలిలో ఏ వాయువులున్నవి, ఎంత వేడిగా ఉన్నవి, రాత్రివేళ ఎందుకు వెలుగుచున్నవి అను ప్రశ్నలు ఆయనను వెన్నాడాయి. రాత్రి ఆకాశపు వెలుగంతా నక్షత్రాలదే అని పూర్వం తలచేవారు. డచ్చి దేశపు యింటెమా 1909లో జాగ్రత్తగా లెక్కించి, నక్షత్రాల కాంతి అంతయు కలిపినను ఆ వెలుగుకు సరిపోదని చూపారు. ఆకాశపు ఆకుపచ్చ కాంతి ఆక్సిజన్ పరమాణువులదని కెనడాలో మెక్లెనన్, ష్రమ్ అనువారు 1925లో నిరూపించారు. దాని తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. పగటివేళ సూర్యుని అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ అణువులను చీల్చి పరమాణువులుగా చేయును. రాత్రివేళ ఆ పరమాణువులు తిరిగి కలసికొనునప్పుడు పగలు దాచుకొన్న శక్తి వెలుగుగా బయటపడును. ఈ మర్మాన్ని 1931లో సిడ్నీ చాప్మన్ వివరించారు. అనగా రాత్రి ఆకాశంలో వెలిగేది అస్తమించిన సూర్యుడే!

ఇట్టి దృశ్యం ప్రయోగశాలలోను కలదు. గాజు గొట్టంలో పలుచని నత్రజని నింపి విద్యుత్తు పంపి, పిదప విద్యుత్తు ఆపివేసినను, గొట్టం కొంతసేపు పసుపు కాంతితో వెలుగుచునే ఉండును. దీనిని శ్రద్ధగా పరిశీలించి క్రియాశీల నత్రజని అని పేరు పెట్టినవారు స్ట్రట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. ఆయనే తరువాత నాలుగవ రేలీ ప్రభువుగా రాత్రి ఆకాశపు కాంతిని ఏండ్ల తరబడి కొలిచారు. వాయుదీప్తిని కొలిచే ప్రమాణానికి నేడు ఆయన పేరే ఉన్నది. గొట్టంలోని వెలుగు, ఆకాశంలోని వెలుగు రెండును తోబుట్టువులని మిత్ర గారికి తోచింది. విద్యుదావేశం పొందిన నత్రజని అణువులే ఆ శక్తిని దాచి ఉంచునని ఆయన ఒక సిద్ధాంతం ప్రతిపాదించి, 1945లో దానిపై ఒక పుస్తకమే ప్రచురించారు.

ఆ సిద్ధాంతం నిలువలేదు. గొట్టంలోని వెలుగుకు విడివిడిగానున్న నత్రజని పరమాణువులు తిరిగి కలియుటయే ముఖ్య కారణమని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. మహనీయుల చరిత్రలు వ్రాయువారు ఇట్టి సంగతులను దాటవేయుట పరిపాటి. మేము దాటవేయదలచలేదు. ఎంతో కాలం ప్రేమతో పెంచుకొన్న ఊహ పొరపాటని తేలినప్పుడు కలిగే బాధ చిన్నది కాదు. కాని మిత్ర గారి పేరు నిలిచినది ఆ ఊహ మీద కాదు. తన ఊహను దాటి, ఇతరులు కనుగొన్న సత్యాలన్నింటికి చోటు కల్పించిన ఆయన గ్రంథం మీద నిలిచింది.

ఆ గ్రంథం పేరు ది అప్పర్ అట్మాస్ఫియర్, అనగా ఊర్ధ్వ వాతావరణము. అంతవరకు ఈ విషయంపై ఉన్న జ్ఞానం చెల్లాచెదరుగా ఉండేది. వాతావరణ శాస్త్రజ్ఞులు వ్రాసినది రేడియో శాస్త్రజ్ఞులు చూడరు. రేడియో శాస్త్రజ్ఞులు వ్రాసినది వర్ణపట శాస్త్రజ్ఞులు చదువరు. ధ్రువ కాంతులు, ఉల్కలు, ఓజోన్, భూ అయస్కాంతత్వం, రాత్రి ఆకాశపు వెలుగు అన్నియు ఒకే గాలికి సంబంధించిన ముచ్చటలే అని గుర్తించి, ఒక క్రమంలో కూర్చి చెప్పుటకు మిత్ర గారు ఏండ్ల తరబడి శ్రమించారు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. విదేశీ పత్రికలు సకాలంలో అందవు. బెంగాలును 1943లో ఘోరమైన క్షామం పట్టి పీడించింది. అట్టి రోజులలో సాగిన రచన ఇది.

గ్రంథం పూర్తి అయిన పిదప మరియొక చిక్కు వచ్చిపడింది. ఇంత పెద్ద గ్రంథాన్ని, ఇంత కొద్దిమంది చదువు విషయంపై, అచ్చు వేయుటకు విదేశీ ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. చివరకు మిత్రుడు మేఘనాథ సాహా తోడ్పాటుతో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆ బాధ్యత తీసికొన్నది. ప్రాచీన గ్రంథాలకు, శాసనాలకు పేరుపడిన ఆ సంస్థ 1947లో, దేశం స్వతంత్రమైన సంవత్సరంలో, 600 పుటలకు పైబడిన ఈ ఆధునిక శాస్త్ర గ్రంథాన్ని ప్రచురించింది. దేశదేశాల పరిశోధకులు దానిని ఆదరించారు. 1952లో రెండవ కూర్పు వెలువడింది. 1955లో రష్యన్ భాషలోనికి అనువదింపబడింది. కొనువారుండరని ప్రచురణకర్తలు సందేహించిన గ్రంథం పలు దేశాల ప్రయోగశాలలలో నిత్యం చేత పట్టుకొను పుస్తకమైనది.

ఆయన సేవ గ్రంథ రచనతో ముగియలేదు. దేశంలో రేడియో పరిశోధనకు ఒక వ్యవస్థ కావలెనని పట్టుబట్టి, 1942లో రేడియో పరిశోధన సంఘం ఏర్పడుటకు కారకులైనారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో రేడియో భౌతికశాస్త్రము, ఎలక్ట్రానిక్స్ సంస్థ 1949లో ఆయన కృషి ఫలితంగా వెలసింది. నగరపు రణగొణధ్వనికి దూరంగా హరింఘాటలో అయనోవరణ పరిశోధన కేంద్రం నెలకొల్పారు. 1955లో భారత సైన్స్ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. పదవీ విరమణానంతరం పశ్చిమ బెంగాలు మాధ్యమిక విద్యాబోర్డు బాధ్యతలు తలకెత్తుకొన్నారు. 1958లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1962లో పద్మభూషణ్ బిరుదమును, జాతీయాచార్య గౌరవమును ఆయన పొందారు. 1963 ఆగస్టు 13న తుదిశ్వాస విడిచారు.

ఆయన కన్నుమూసిన మూడు నెలలకు, 1963 నవంబరు 21న, కేరళ తీరంలోని తుంబ నుండి మన దేశంలో తొలి పరిశోధన రాకెట్టు ఊర్ధ్వ వాతావరణమునకు ఎగిరింది. ఒక చర్చి ప్రాంగణంలో ఆరంభమైన ఆ కేంద్రంలో, ఆనాడు రాకెట్టును కూర్చు బాధ్యత వహించిన యువ ఇంజనీరు, తరువాత మన రాష్ట్రపతి అయిన అబ్దుల్ కలాం గారు. ఆ రాకెట్టు మోసికొనిపోయినది సోడియం. సంధ్యవేళ పైకెగసి అది ఆవిరిని వెదజల్లగా, దిగువన చీకటి పడియున్నను పైనున్న సూర్యకాంతి తగిలి ఆ ఆవిరి మేఘం వెలిగింది. ఆ వెలుగు ఎటు సాగినదో చూచి అక్కడి గాలులను కొలిచారు. మన ప్రయోగశాలలోని దీపపు కాంతియే అది. మిత్ర గారు జీవించియున్నచో ఎంత సంతోషించియుండెడివారో!

ఇక అలల ముచ్చట చెప్పవలెను. అయనోవరణంలో ఎత్తులు ఒడుదొడుకులుగా మారుచు, ఆ మార్పులు అలల వలె ఒక దిక్కునకు సాగిపోవుట రేడియో పరిశోధకులు ఏనాడో గమనించారు. కారణం తెలియలేదు. 1960లో, అనగా మిత్ర గారి జీవిత చరమాంకంలో, కెనడాకు చెందిన కాలిన్ హైన్స్ ఆ మర్మం విప్పారు. అవి గాలిలోని గురుత్వ తరంగాలు. ఐన్‌స్టైన్ చెప్పిన గురుత్వాకర్షణ తరంగాలు వేరు, ఇవి వేరు. పర్వతం మీదుగా వీచే గాలి, ఉరుముల మేఘంలో పైకెగసే గాలి తన చుట్టునున్న గాలిని పైకి నెట్టును. పైకి పోయిన గాలి బరువు వలన క్రిందికి దిగును. దిగి, నిలువలేక, మరల పైకి లేచును. నీటిపై అల వలె ఈ ఊగిసలాట దూరదూరాలకు, పైపైకి వ్యాపించును.

పైకి పోయిన కొలది గాలి పలుచనగును. వాయుదీప్తి వెలువడు ఎత్తున గాలి సాంద్రత నేల వద్దనున్న దానిలో లక్షవ వంతు కంటెను తక్కువ. శక్తి అదే అయి, మోయవలసిన గాలి తగ్గినందున అల పెరుగును. నేలకు చేరువలో లెక్కకు రాని చిన్న కదలిక అక్కడ పెద్ద కెరటమై, ఒడ్డున విరిగే సముద్రపు అల వలె విరిగి, తన వేగాన్ని ఆ గాలికి అప్పగించును. ఎండాకాలంలో ధ్రువ ప్రాంతంపై రేయింబవళ్లు సూర్యుడున్నను, అక్కడ 90 కిలోమీటర్ల ప్రాంతంలో చలి మైనస్ 130 డిగ్రీల సెల్సియస్‌కు కూడా దిగజారుటకు ఈ అలల విరుగుబాటే మూలం. అది కలిగించిన గాలుల ప్రవాహం వలన అక్కడి గాలి పైకి లేచి, వ్యాకోచించి, చల్లబడును.

కనబడని గాలిలో కనబడని అలను చూచుట ఎట్లు? ఇక్కడనే వాయుదీప్తి మనకు అక్కరకు వచ్చుచున్నది. మిత్ర గారి గ్రంథపు రెండు కూర్పుల నడుమ, 1950లో, ఆడెన్ మైనెల్ అను శాస్త్రజ్ఞుడు రాత్రి ఆకాశంలో హైడ్రాక్సిల్ అణువులు వెదజల్లే బలమైన అధోరక్త కాంతిని గుర్తించారు. ఈ దీప్తి సుమారు 87 కిలోమీటర్ల ఎత్తున పలుచని పొరగా పరచుకొని ఉండును. ఆక్సిజన్ వారి ఆకుపచ్చ దీప్తి అంతకు పది కిలోమీటర్లు ఎగువన ఉండును. అల ఆ పొరగుండా పోవునప్పుడు గాలి ఒకచోట నొక్కుకొని వేడెక్కును, వేరొకచోట సడలి చల్లబడును. దానితో దీప్తి ఒకచోట హెచ్చి, ఒకచోట తగ్గి చారలుగా కనిపించును. 1973లో అమెరికాలో నేల నుండి తీసిన అధోరక్త ఛాయాచిత్రాలలో ఈ చారలు స్పష్టంగా కనబడినవి.

నేల మీది కెమెరాకు మబ్బు అడ్డు. దాని చూపు కొన్ని వందల కిలోమీటర్లు దాటదు. సముద్రాల మీద దానిని నిలుపుటకు చోటే లేదు. ఉపగ్రహానికి ఈ ఇబ్బందులు లేవు. 2011 అక్టోబరులో అమెరికా వారు పంపిన సువోమి ఎన్.పి.పి. ఉపగ్రహంలో రాత్రివేళ మేఘాలను వెన్నెలలో చూచుటకు ఒక సాధనం అమర్చారు. చంద్రుడు లేని రాత్రులలో కూడా అది మేఘాలను చూపుట గమనించి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడినారు. ఆ వెలుగు వాయుదీప్తిది! అంతేకాదు, ఆ దీప్తిలోనే అలలు చక్కగా కనబడినవి. 2014 ఏప్రిల్‌లో టెక్సాస్ రాష్ట్రంలో ఉరుముల తుఫాను మీద, చెరువులో రాయి వేసినట్లు, వలయాలు వలయాలుగా అలలు వ్యాపించుట చిత్రాలలో నమోదైనది. 2015 ఏప్రిల్‌లో చిలీ దేశపు కాల్బుకో అగ్నిపర్వతం బ్రద్దలైనప్పుడు కూడా అట్టి వలయాలే కనిపించినవి.

2023 నవంబరులో నాసా సంస్థ ఈ పనికే ప్రత్యేకించిన కెమెరాలను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపింది. దాని పేరు అట్మాస్ఫెరిక్ వేవ్స్ ఎక్స్‌పెరిమెంట్. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు కేంద్రం నుండి అది క్రిందికి చూచి, హైడ్రాక్సిల్ దీప్తిలోని తేడాల నుండి ఆ పొర ఉష్ణోగ్రతను లెక్కగట్టి, అలల పటాలను తయారు చేసింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను అమెరికాలోని ఫ్లోరిడా తీరాన్ని తాకినప్పుడు, ఆ తుఫాను పుట్టించిన అలలు సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున వ్యాపించుట అది నమోదు చేసింది. నేల మీది తుఫాను ఆకాశపు అంచున ముద్ర వేయునని దీనివలన మనకు ప్రత్యక్షమైనది. ఈ అలలు మరింత పైకెగసి అయనోవరణాన్ని కదిలించినప్పుడు రేడియో సంకేతాలు, ఉపగ్రహాల ద్వారా స్థలనిర్ణయం చేయు సాధనాలు తడబడును. కనుక ఇది కేవలం పండితుల వినోదం కాదు.

మన తెలుగు నేలకు కూడా ఈ విద్యలో వాటా కలదు. తిరుపతికి చేరువనున్న గాదంకి గ్రామంలో 1990ల నుండి పని చేసిన పెద్ద రాడారు ఈ అలలను రేడియో ప్రతిధ్వనుల ద్వారా పరిశీలించింది. వాయుదీప్తిని కొలుచు పరికరాలు కూడా అక్కడ నెలకొల్పబడినవి. మిత్ర గారు 1930లో కలకత్తాలో పట్టిన దారియే అటు గాదంకికి, ఇటు ఉపగ్రహాలకు వచ్చింది. ఒక దారి ప్రతిధ్వనిది, ఒక దారి వెలుగుది. ఆ రెండింటిని ఒకే గ్రంథపు అట్టల నడుమ చేర్చినవారు ఆయన.

ఈ చరిత్రను మేము ఏరి కోరి ఈ సంచికకు వ్రాయుటకు కారణం ఒకటి కలదు. మాకు పరికరాలు లేవు, గ్రంథాలు లేవు, పెద్ద నగరాలలోని కళాశాలల సౌకర్యాలు లేవు అని మన విద్యార్థులు నిట్టూర్చుట తరచు వినుచుంటిమి. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ లోటు తీర్చుట పాలకవర్గపు పెద్దల కర్తవ్యం కూడా. బంకూరాలో మిత్ర గారికి కూడా పరికరాలు లేవు. కాని చదివినదానిని తన భాషలో, తన చుట్టునున్నవారికి తెలియజెప్పుటకు పరికరం అక్కరలేదు. నలుగురు నాలుగు చోట్ల కనుగొన్నదానిని ఒకచోట చేర్చి, వాటి నడుమనున్న బంధుత్వాన్ని గుర్తించుటకు రాకెట్టు అక్కరలేదు. అది ఓపికతో అగు పని. రెండు భాషలు చదివే మన కళాశాలలో ఒక భాషలోని విజ్ఞానాన్ని రెండవ భాషకు అందించు పని మిగిలియే ఉన్నది.

చంద్రునిపై ఒక బిలానికి మిత్ర అని పేరు పెట్టి శాస్త్రలోకం ఆయనను గౌరవించింది. అయినను ఆయనను స్మరించుకొనుటకు వెన్నెల రాత్రి కంటె అమావాస్య రాత్రియే తగినదని మాకు తోచుచున్నది. ఈసారి దీపాలకు దూరంగా, ఊరి వెలుపల నిలిచి ఆకాశం వైపు చూచునప్పుడు, నక్షత్రాల నడుమనున్నది వట్టి చీకటి కాదని, పగలు మిగిల్చిపోయిన వెలుగు అక్కడ అలలు అలలుగా కదలుచున్నదని జ్ఞప్తికి తెచ్చుకొందము. మరునాడు ప్రయోగశాలలో సోడియం దీపం మీట నొక్కి, అది పసుపుపచ్చగా మారువరకు ఓపికగా నిలుతము.